నోరులేని ప్రాణి మౌనము



ఈసారి కుందేళ్ల గురించి రాస్తున్నాను. సంఘ పెద్దకు ఇదేమి విషయమని నవ్వుకోకండి.

మన విడీ ఘర్కుల్‌లో కొందరి ఇళ్లలో పిల్లలు తెల్ల కుందేళ్లను పెంచుతున్నారు. మా మనవడు కూడా ఒకటి తెచ్చాడు. దానిని తీగల పంజరంలో పెట్టి వాకిట్లో ఉంచాము. రొట్టె ముక్కలు, క్యాబేజీ ఆకులు వేశాము. వచ్చినవారితో "ఎంత బుద్ధిగా ఉంటుందో, చప్పుడే చేయదు" అని గొప్పగా చెప్పుకున్నాము. ఒక మే నెల మధ్యాహ్నము ఎండ వాకిట్లోకి వచ్చింది. మేము లోపల నిద్రపోయాము. సాయంత్రానికి అది చనిపోయి ఉన్నది. ఒక్క అరుపైనా వినబడలేదు.

సామెతలు 12:10 నేను ఆదివారపు బడిలో ఏళ్ల తరబడి నేర్పిన వచనము. ఆ రాత్రి అదే నన్ను నిద్రపోనివ్వలేదు. బాధ చెప్పుకోలేని ప్రాణి మౌనాన్ని సంతోషమని అనుకున్నాము. తెలియక చేశామంటే ఆ తప్పు తీరిపోతుందా?

తరువాత పశువుల డాక్టరు గారిని అడిగి కొంత తెలుసుకున్నాను. కుందేలు ఇతర జంతువులకు ఆహారమయ్యే జీవి. జబ్బుగా కనబడితే ముందుగా దానినే పట్టుకుంటాయి గనుక నొప్పిని దాచుకుంటుంది. మనలాగ దానికి చెమట పట్టదు. ఒంటి వేడి చాలావరకు చెవుల ద్వారానే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టము. మన షోలాపూర్‌లో మే నెలలో 40 దాటుతుంది. పన్నెండు గంటలు మేత ముట్టకపోతే ప్రేగులు కదలక ప్రాణం మీదికి వస్తుంది. ఇవేవీ తెలుసుకోకుండానే నేను దానికి యజమానినయ్యాను. చాలినంత కదలిక లేని పంజరంలో జంతువును బంధించడము 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారము నేరము కూడా.

ఇప్పుడు మా ఇంట్లో ఆపరేషను చేయించిన జంట ఉన్నది. కుందేలు ఒంటరిగా ఉండదగిన జీవి కాదు. ఆపరేషను లేకపోతే నెలకొక ఈత. పంజరము తీసేశాము. ఎండబెట్టిన గరిక ఎప్పుడూ ముందుండాలి, ఆకుకూర గుప్పెడు చాలు, రొట్టె పూర్తిగా మానేశాము. ఇల్లంతా వాటిదే, ఇంకేమి కావాలి అనుకున్నాను.

అదీ పొరపాటే. మన ఇల్లు వాటికోసము కట్టినది కాదు. మా కోడలు బీడీలు చుడుతుంది. చాటలోని పొగాకు కుందేలుకు విషము. చద్దర్లు, తువ్వాళ్ల నూలు పోగులు మింగితే ప్రేగులో అడ్డుపడతాయి. వాటి పళ్లు జీవితాంతము పెరుగుతూనే ఉంటాయి గనుక కరెంటు వైరైనా కొరుకుతాయి. అది కొంటెతనము కాదు. నున్నని బండల మీద కాళ్లు జారితే ఈత చాపలు పరిచాము, కొరికినా ఆకే కదా. వైర్లను గొట్టాలలో పెట్టాము. పొగాకు అందకుండా కోడలు తన గది తలుపు మూసుకొని పని చేయసాగింది.

అలా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు నీళ్లివ్వడానికి తలుపు తీస్తే, ఆ ఉక్కలో ఆమె చీర చెమటకు తడిసి ఉన్నది. ఫ్యాను వేస్తే ఆకు, పొగాకు ఎగిరిపోతాయి. కుందేళ్ల స్వేచ్ఛకు ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో నేను అప్పుడు చూశాను. ఆమె కూడా నోరు విప్పలేదు. ఒక మౌనాన్ని అర్థము చేసుకున్నానని గర్వపడుతూ, పక్క గదిలోని మౌనాన్ని వినలేదు.

"ఎందుకమ్మా చెప్పలేదు?" అన్నాను.

"మీరు వాటిని చూసి సంతోషంగా ఉన్నారు కదా, మామయ్యా," అన్నది.

చెవులపిల్లులను పొలాల్లో వదిలినట్లు వీటినీ వదిలేయమన్నారు కొందరు. ఇవి ఆ జాతి కావు. బయట వదిలితే కుక్కల పాలే. అడవిలోని చెవులపిల్లిని తెచ్చి పెంచడానికి 1972 నాటి వన్యప్రాణి చట్టము ఒప్పుకోదు. ఇంటి కుందేలు ఎనిమిది పదేళ్లు బ్రతుకుతుంది. నా తరువాత వీటిని చూసేదెవరో కూడా మనవడితో ఇప్పుడే మాట్లాడాను.

అదృష్టవశాత్తు కుందేళ్లు తెల్లవారుజామున, సందెవేళ తిరిగే జీవులు. పగలు ఎక్కువగా పడుకుంటాయి. ఇప్పుడు పగటి వేళ అవే లోపలి చల్లని గదిలో ఉంటాయి. కోడలు వీధి తలుపు తెరుచుకొని గాలికి కూర్చుంటుంది. సాయంత్రము చాట అటక మీదికి చేరిన తరువాత నేల నేనే ఊడుస్తాను. ఆ పని అయ్యాక వాటి తలుపు తీస్తాము.