గాజు తెర మీద రామకోటి

ఇష్టదైవం నామాన్ని స్మరిస్తూ చేత్తో పదే పదే రాయడాన్ని లిఖిత జపమంటారు. తెలుగువారికి బాగా తెలిసిన దాని రూపం రామకోటి. రోజుకు వెయ్యి చొప్పున రాసినా కోటి పూర్తి కావడానికి 27 ఏళ్ళకు పైగా పట్టే ఈ వ్రతం, గళ్ళ పుస్తకాన్ని వదిలి ట్యాబ్ తెర మీదికి, కలాన్ని వదిలి స్టైలస్‌కు మారితే, అది జపమే అవుతుందా అన్నది విచారించదగిన ప్రశ్న.

సాధనం కొత్తదనే అభ్యంతరం నిలవదు. కాగితం వాడుకలోకి రాకముందు తెలుగు గ్రంథాలు తాటాకు మీద గంటంతోనే వెలిశాయి. ఆకును ఎడమచేత పట్టుకొని, ఆ చేతి బొటనవేలి ఆనికతో ఇనుప మొనను నడిపి గీసిన అక్షరం, మసి పూసి తుడిచేదాకా కంటికి సరిగా ఆనేది కాదు. స్టైలస్‌లోనూ సిరా లేదు. విద్యుదయస్కాంత పద్ధతిలో పనిచేసే రకంలో, తెర కింద పరచిన తీగల వల పంపే శక్తిని కలంలోని తీగచుట్ట అందుకొని బదులివ్వగా, మొన ఉన్న చోటూ అది నొక్కే ఒత్తిడీ అంకెలుగా నమోదై గీతగా కనిపిస్తాయి. పైగా మనుస్మృతి బిగ్గరగా చేసే జపం కన్నా ఉపాంశువును, అంటే పక్కవారికి వినబడనంత మెల్లని ఉచ్చారణను, దానికన్నా మానస జపాన్ని మిన్నగా ఎంచింది. ఏ వస్తువూ అక్కరలేని జపానికే అగ్రస్థానమిచ్చిన సంప్రదాయం, కాగితం లేదన్న కారణంతో గాజు మీది జపాన్ని తోసిపుచ్చలేదు. ఒక వరుస రాసి దాన్నే వేయిసార్లు నకలు చేసి అతికించడం మాత్రం వేరు సంగతి. అచ్చుయంత్రానికి పుణ్యం వస్తుందని ఎవరూ అనలేదు కదా.

అసలు చిక్కు రాత ముగిశాక వస్తుంది. నిండిన పుస్తకాలను భద్రాచలంలోనో, రామకోటి స్తూపాల్లోనో సమర్పించడం ఆచారం. దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని త్యజించడమే యాగమని మీమాంసకులు నిర్వచించారు. త్యాగమంటే ‘ఇది నాది కాదు’ అనే సంకల్పంతో స్వత్వాన్ని, అంటే వస్తువు మీద తనకున్న యాజమాన్యాన్ని, వదులుకోవడం. తమిళనాడులోని ధర్మపురి జిల్లా సోగత్తూరులో కూర్చొని తెర మీద రాసిన నామావళి క్షణంలో గోదావరి ఒడ్డుకు చేరగలదు గాని, అక్కడికి చేరేది నకలు; మూలం రాసినవారి దగ్గరే ఉంటుంది. ఇచ్చినా తరగని వస్తువును ఇవ్వడంలో త్యాగాంశం ఎక్కడున్నదో చెప్పడం కష్టం.

దీనికి మరో పక్షముంది. తమిళనాడులో 2006 నాటి చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేశాక, తెలుగు ఇంటి భాషగా మాత్రమే మిగిలిన కుటుంబాల్లో, అవ్వ చేతిరాతలోని రామనామమే పిల్లలు చూసే తెలుగు అక్షరం కావచ్చు. అటువంటి ఇంట నకలు దాచుకోవడాన్ని లోభమనడం అన్యాయం. అయితే ప్రేమతో దాచుకున్నది జ్ఞాపకమవుతుంది గాని, సమర్పణ కాజాలదు. సమర్పణే కావాలనుకున్నవారు పంపిన తరువాత తమ ప్రతిని చెరిపివేయడమే న్యాయం. త్యాగానికి ప్రమాణం సంకల్పం కనుక, తమకు తెలియకుండా ఏ కంపెనీ సర్వర్‌లోనో మిగిలిపోయిన ప్రతి దాన్ని భంగపరచదు; తెలిసి ఉంచుకున్నది మాత్రం భంగపరుస్తుంది.