స్మృతియు పరిగ్రహమేనా?

గృహస్థుని అణువ్రతములలో అపరిగ్రహము చివరిది. ఆచరణలో అన్నిటికంటె కష్టమైనదియు అదియే. ధనధాన్యములకు, ఇల్లు వాకిళ్లకు హద్దు వేసికొనవచ్చును. అవి లెక్కకు అందును. పూర్వులు తిరిగిన నేలపై ఉండు మమకారమునకు హద్దు గీయుట యెట్లు? ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థ సూత్రములో వస్తువును కాక, దానిపై కలుగు మూర్ఛనే పరిగ్రహమన్నారు. ఆ లెక్కన ఖాళీ చేతులతో ఊరి కొరకు బెంగపడువాడును పరిగ్రహియే కావలెను.

బళ్లారిలో తరతరములుగా స్థిరపడిన ఒక గృహస్థునికి ఈ ప్రశ్న పుస్తకములో ఎదురు కాలేదు. వారి యింట తెలుగు, అంగటిలో కన్నడము. నడవలేని అతని తల్లి ఒక కోరిక కోరినది. కరీంనగరు జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టపై మన మతము, మన భాష ఒకే బండ మీద ఉన్నవట. అక్కడినుండి చిన్న రాయి ఒకటి తెచ్చి పూజలో పెట్టుమన్నది.

ఆమె విన్నది నిజమే. ఆ బండపై జినమూర్తులు, చక్రేశ్వరీదేవి మూర్తి చెక్కబడి యున్నవి. క్రింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము. తెలుగున మూడు కంద పద్యములు కలవు. దానిని సుమారు 945లో వేయించినవాడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు. తెలుగునకు 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు చూపిన ఆధారములలో ఈ శాసనమును చెప్పుకొందురు.

గుట్ట యెక్కి నిలుచున్న అతనికి మొదట కలిగినది ఆనందమే. పిదప ఒక సందేహము. మన నేల యని వచ్చితిమి. జినవల్లభునికి ఇది సొంత ఊరా? వారి వంశము వేంగి నాటి వంగిపర్రుది. తండ్రి వైదికమును విడిచి జైనము స్వీకరించెను. వేములవాడ చాళుక్యులైన రెండవ అరికేసరి నీడన కుటుంబము ఇచ్చట నిలిచినది. అన్న కన్నడమున కావ్యములు వ్రాయగా, తమ్ముడు తెలుగును రాతికెక్కించెను. అనగా, ఏ మజిలీని మనము పుట్టిల్లు అనుకొంటిమో అది వారికి మజిలీయే. ఎనుబది నాలుగు లక్షల యోనులలో తిరిగిన జీవునికి సొంత ఊరేది?

అయితే మమకారము తప్పని తేల్చివేయుటకు పంపడు అడ్డు వచ్చును. ఆదిపురాణమున నీలాంజన నాట్యమధ్యమున మాయమగుట చూచి వృషభదేవుడు రాజ్యమును విడుచుటను వర్ణించినవాడతడు. అతడే విక్రమార్జున విజయమున బనవాసి నేలను తలచుకొని కరిగిపోయెను. ఇంత వైరాగ్యము తెలిసినవాని మనసు ఒక నేలను మరువకపోయినప్పుడు, సామాన్య వర్తకుడు మరువలేదని నిందించుట న్యాయము కాదు. స్మృతి తనంత తాను వచ్చును. దానిని నాదని పట్టుకొన్నప్పుడే మూర్ఛ.

ఆ తేడా అతనికి రాయి చేతికి తీసికొన్నప్పుడు తెలిసినది. చిన్న పెచ్చు, ఎవరును అడుగరు. కాని ఎవరిచ్చినారని తీసికొనుట? ఈయనిది తీసికొనరాదను వ్రతము కొండపై సడలదు గదా! పైగా ఆ మూర్తులను బొమ్మలమ్మ యని పిలుచుకొని, పేరు మాపక నిలిపినవారు ఊరివారు, జైనులు కానివారు. ఖాతా వ్రాసినచో బాకీ ఎవరిదో అంగడి పిల్లవాడు కూడ చెప్పగలడు. బాకీదారు సరుకు పట్టుకొని పోవుట మన పద్ధతి కాదు. రాయి దొరికిన చోటనే పెట్టి అతడు దిగి వచ్చినాడు.

ఇంటికి చేరి తల్లికి ఉన్నదున్నట్లు చెప్పెను. ఆమె నొచ్చుకొనలేదు.

"రాయి లేకున్న పోనీలే నాయనా. అక్కడ దీపమెవరు పెట్టుచున్నారు?" అని అడిగినది.

ఆ సంగతి అతడు విచారించి రాలేదు.