నొప్పి లేకపోవడం దేనికి రుజువు?

అరికాల్లో నొప్పి లేదు కాబట్టి అక్కడ పుండు లేదు. ఈ మాటలో తప్పేముందని చాలామంది అడుగుతారు. భాట్ట మీమాంసకులనే పూర్వపు తాత్త్వికులైతే వెంటనే ఒప్పుకునేవారు కాదు. ఒక వస్తువు తెలియరాకపోవడం కూడా అది లేదనడానికి ప్రమాణమేనని, దాని పేరు అనుపలబ్ధి అని వాదించింది వాళ్లే. అయితే దానికి గట్టి షరతు పెట్టారు. నేలమీద కుండ కనబడటం లేదు, కనుక లేదు అనవచ్చు. కానీ వెలుతురుండాలి, చూసే కన్ను బాగుండాలి, కుండ ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ సంగతి మనకేమీ తెలియలేదనే అర్థం. యోగ్యానుపలబ్ధి అనే ఈ షరతును అద్వైతులూ అంగీకరించారు. అభావం గురించిన ఈ చర్చ పండితుల కాలక్షేపంలా కనిపిస్తుంది గానీ, మధుమేహంతో నరాలు దెబ్బతిన్న మనిషి విషయంలో అది కాలు దక్కడానికి, పోవడానికి మధ్య తేడా. తన పాదాలను తాను పరీక్షించుకోవడం ఆధ్యాత్మిక జీవితానికి అడ్డమా, అందులో భాగమా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ షరతులోనే ఉందని నా అభిప్రాయం.

ఈ షరతును రోగుల శరీరాల్లో చదివినవారు డాక్టర్ పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడు కొల్లిమలై కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టి, 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి శస్త్రవైద్యుడిగా వచ్చారు. కుష్ఠు మాంసాన్ని తినేస్తుందని, వేళ్లు వాటంతటవే రాలిపోతాయని అప్పట్లో గట్టి నమ్మకం. బ్రాండ్, ఆయన సహచరులు గమనించింది వేరు. వ్యాధి నరాలను మొద్దుబారుస్తుంది. ఆపైన జరిగే నాశనం చాలావరకు రోజువారీ గాయాలది. కాల్లో మేకు దిగినా ఆ రోగి కుంటడు. కుంటితే ఆ చోటికి కాస్త విశ్రాంతి దొరికి మానేది. కుంటకుండా నడవడమే కాలిని తినేస్తుంది. అందుకని రోజూ తమ పాదాలను కళ్లతో చూసుకోవడం రోగులకు నేర్పారు. స్పర్శ మానేసిన పనిని కంటికి అప్పగించారన్నమాట. తర్వాత అమెరికాలోని కార్విల్‌లో మధుమేహుల పాదాలకూ ఆయన ఇదే పాఠం వర్తింపజేశారు.

స్పర్శ ఒక్కటే ఇలా చాటుగా పోతుందనుకోవద్దు. బలం తగ్గడం, కీళ్లు బిగుసుకోవడం కూడా తెలియకుండానే జరుగుతాయి, ఎందుకంటే శరీరం ఒక అవయవం లోటును మరొకదానితో పూడుస్తూ ఉంటుంది. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రోంబెర్గ్ పేరుతో ఒక పరీక్ష ఉంది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోవాలి, పక్కన ఒక మనిషి ఉండగా. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ నిబ్బరంగా ఉన్నవాడు మూయగానే తూలిపోతే, పాదాల నుంచి రావాల్సిన సమాచారం సరిగా అందడం లేదని, అంతదాకా కన్నే ఆ లోటు పూడ్చిందని అనుమానించాలి. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం పిక్కకూ పాదానికీ ఉన్న బలాన్ని చెబుతుంది. గోడకు జానెడులోపు దూరంలో పాదం ఉంచి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించగలమా లేదా అన్నది చీలమండ వంగే తీరును చెబుతుంది. మన పూర్వులకు ఈ దృష్టి లేదనలేం. చరక సంహిత సూత్రస్థానం అయిదో అధ్యాయం పాదాలకు నూనె పట్టించడం గురించి చెబుతూ గరుకుదనం, బిగుసుకోవడం, అలసటతో పాటు స్పర్శ తెలియకపోవడాన్ని కూడా పేర్కొంది. నూనెతో పోయిన స్పర్శ తిరిగొస్తుందా అన్నది వేరే విషయం; స్పర్శ పోవడం కూడా ఒక దోషమేనని గుర్తించారు, నాకు ముఖ్యం అది.

దేహం నేను కాదని తెలుసుకోవడానికి బయలుదేరినవాడు మడమ ఎన్నిసార్లు ఎత్తగలనో లెక్కపెట్టుకుంటూ కూర్చోవడమేమిటని వేదాంతి అడగవచ్చు. తేలిగ్గా తోసేయదగ్గ ప్రశ్న కాదు. కానీ గీత రెండో అధ్యాయం శీతోష్ణాలను ఓర్చుకోమంది, అవి తెలియకుండా పొమ్మనలేదు. ఓర్చుకోవాలంటే ముందు బాధ తెలియాలి. నిప్పు మీద కాలు పడినా ముఖం చిట్లించని రోగీ, కష్టంలో చలించని స్థితప్రజ్ఞుడూ బయటికి ఒకేలా కనిపిస్తారు. అంతకంటే చిక్కేమిటంటే, లోపలి నుంచి కూడా మొదటివాడికి తేడా తెలియదు. తనకు బాధ లేదని అతను నిజాయితీగానే చెబుతాడు. పక్కింటి దుఃఖం ఏనాడూ తాకని మనిషి తన ప్రశాంతతకు వైరాగ్యమని పేరు పెట్టుకున్నప్పుడు జరిగేదీ ఇదే. అతని మనసుకు దుఃఖం తెలిసే యోగ్యత ఉందో లేదో ఎవరు చూశారు? మనసుకు ఈ పరీక్ష పెట్టడం కష్టం. పాదానికైతే దూదితో తాకి చూస్తే చాలు. తెలియరానిదాన్నల్లా లేనిదిగా లెక్కగట్టే అలవాటును ముందు అక్కడ వదిలించుకోవచ్చు.

రెండో ఆక్షేపణ భక్తులది. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 3,550 మెట్లు వట్టికాళ్లతో ఎక్కేవారికి కాలి నొప్పి ఒక సమర్పణ. ముందుగా పాదాలు పరీక్షించుకోవడం మొక్కును బేరం చేయడంలా తోస్తుంది. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని మహావగ్గంలో సోణ కోలివీసుడి కథ దీనికి నేరుగా తగులుతుంది. సుకుమారంగా పెరిగిన ఆ ధనికుల బిడ్డ భిక్షువై, నడుస్తూ చేసే ధ్యానంలో అరికాళ్లు చిట్లి దారి నెత్తురుమయమయ్యేదాకా నడిచాడు. బుద్ధుడు అతని పట్టుదలను పొగడలేదు. తంత్రి మరీ బిగించినా, మరీ వదిలినా వీణ పలకదని గుర్తుచేశాడు, చెప్పులు వేసుకొమ్మన్నాడు. తనొక్కడికే ఆ సౌకర్యం వద్దని సోణుడు అంటే సంఘమంతటికీ అనుమతి ఇచ్చాడు. అయినా సోణుడికి నొప్పి తెలిసింది, నెత్తురు కళ్లబడింది. స్పర్శలేని కాలితో ఎండకు కాగిన రాతి మీద నడిచేవాడు దేవుడికి సమర్పించేదేమిటి? తెలియని నొప్పిని ఇవ్వలేడు. బొబ్బ మాత్రం అతనికి మిగులుతుంది.

ఇక ఇదంతా పిచ్చిగా ముదరదా అంటే, ముదిరేది పరీక్ష కాదు, పరీక్ష లేని భయం. బ్రాండ్ స్వయంగా రాసిన సంఘటన ఒకటుంది. ప్రయాణంలో అలసి లండన్ చేరిన రాత్రి, మేజోళ్లు విప్పుతుంటే మడమలో స్పర్శ లేదనిపించింది. సూదితో గుచ్చుకున్నారు, నొప్పి లేదు. కుష్ఠు సోకిందని రాత్రంతా కుమిలిపోయారు. తెల్లారాక మళ్లీ గుచ్చుకుంటే చురుక్కుమంది. రైల్లో ఇరుకుగా కూర్చోవడంతో నరం నొక్కుకుపోయిందంతే. ఆ పోటుకు ఆయన దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నారు. (సూది ఆయనకే చెల్లింది, ఇంట్లో ఎవరూ ఆ పని చేయకూడదు.)

ఇంట్లో చేయదగ్గది ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ వైద్యులు రూపొందించిన పరీక్ష. కళ్లు మూసుకున్న మనిషి రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మరొకరు ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకుతారు. ఆరింటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎక్కడ, ఎప్పుడు తాకుతున్నామో ముందే తెలుసు కాబట్టి ఇది ఎవరికి వారు చేసుకుంటే చెల్లదు. తన పాదం గురించి కూడా మరొకరి వేలిని నమ్మాలి. మన ఇళ్లలో చిక్కు ఇక్కడే. మామగారి కాళ్లు తాకడానికి కోడలికి అభ్యంతరం ఉండదు, ఎలాగూ దండం పెట్టే కాళ్లే. ఆ కోడలికే తిమ్మిర్లు మొదలైతే ఆమె కాలివేళ్లు తాకేదెవరు? పెద్దలు చిన్నవాళ్ల కాళ్లు పట్టుకోకూడదంటారు. భర్తకు మాత్రం ఆ సాకు లేదు. పెళ్లిలో సన్నికల్లు తొక్కించేటప్పుడు ఆమె పాదాన్ని పట్టుకున్నదీ, మట్టెలు తొడిగిందీ అతనే. ఆ అనుమతికి గడువుందని ఏ పురోహితుడూ అనడు.