దాచిన సిరా

పొదుపంటే ఏమిటో నాకొకరు చెప్పాలా అని మొన్న మొన్నటిదాకా ధీమాగా ఉండేదాన్ని. మిగిలిన అన్నాన్ని పులిహోర చేయగలను. పాత పంచెల్ని మసిగుడ్డలు చేయగలను. పాలపాకెట్టును నీళ్ళతో తొలిచి ఆ నీళ్ళు కూడా కాఫీలో కలపగలను. అలాంటి నాకు పాఠం చెప్పింది పెద్దలూ కాదు, పురాణాలూ కాదు. మా హాల్లో మూల బల్లమీద కూర్చున్న ప్రింటరు!

మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుల పేరు చెప్పి కొనిపించాడు దాన్ని. కార్ట్రిజ్ రకమైతే యంత్రం చవక, ఇంకు ప్రియం. సీసాతో పోసుకునే టాంకు రకమైతే యంత్రం ప్రియం, ఇంకు చవక. నాలుగేళ్ళు వాడుకునేవాళ్ళకి రెండోదే లాభమని మావారు కాగితం మీద లెక్కవేసి మరీ చూపించారు. ఒక్క నల్లసిరా సీసాతో 4,500 పేజీలు వస్తాయని దాని డబ్బా మీద రాసి ఉంది. ఆ లెక్క సగానికి పైగా తెల్లగా ఉండే మామూలు అక్షరాల పేజీలకేనండోయ్! పేజీ నిండా దేవుడి పటం వేస్తే ఏ సీసా ఆగుతుంది? సిరా ఎంత ఉందో కనిపించేందుకు యంత్రానికి ముందువైపు కిందుగా చిన్న కిటికీ కూడా పెట్టారు.

యంత్రంతోబాటే నా శాసనమూ అమల్లోకి వచ్చింది. నన్నడక్కుండా ఎవరూ ఒక్క పేజీ తీయడానికి వీల్లేదు. రంగుల పేజీ అసలే వద్దు. నేనల్లిన క్రోషియా గుడ్డ ఒకటి దానిమీద కప్పి, సిరా తగ్గకుండా ఉండడమే సంసారదక్షత అనుకుంటూ కూర్చున్నాను.

ఒకరోజు సాయంత్రం మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు వచ్చింది. మర్నాడు ప్రవేశపరీక్ష. సెల్‌ఫోన్లో ఉన్న హాల్‌టికెట్టు చూపించి, "ఆంటీ, ఒక్క పేజీ తీసిస్తారా?" అంది. దానిమీద దాని రంగుల ఫొటో ఉంది. నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ పిల్ల పరీక్ష కాదు, రంగు సిరా.

"అయ్యో, ఇంకు అయిపోయిందే తల్లీ! నెట్‌సెంటర్లో తీసుకో" అన్నాను. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

పిల్ల తలూపి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నెట్‌సెంటరు మూసేసి ఉందట. పొద్దున్నే ఇంకోచోట వెతుక్కుని, అక్కడ తీయించుకుని, ఆటోలో పరుగెత్తి, గేటు వేసేముందు లోపలికి వెళ్ళిందట. నిమిషం ఆలస్యమైతే రానివ్వరు గదా! రెండు రోజుల తర్వాత వాళ్ళమ్మ అంట్లు తోముతూ మామూలుగానే చెప్పింది ఇదంతా. నేను కూరలో ఉప్పు చూసుకుంటున్నట్టు నటించాను.

ఇది జరిగిన రెండు నెలలకి మా అత్తయ్యగారి బాంకు కాగితాలేవో కావలసివచ్చాయి. గుడ్డ తీసి మీట నొక్కితే తెల్లకాగితం మీద అక్కడక్కడ చారలు! అక్షరానికి తల ఉంటే తోక లేదు. మా అబ్బాయి చూసి, "వాడకుండా పెట్టావుగా అమ్మా, ఇంకు ఎండిపోయి రంధ్రాలు పూడుకుపోయాయి" అన్నాడు.

ఆ యంత్రం సంగతి అప్పుడు తెలిసింది నాకు. దాని ముక్కుకి వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు వందల కొద్దీ ఉంటాయిట. ఒక్కోదాంట్లోంచి వచ్చే చుక్క లీటరులో లక్షకోట్లవ వంతులు ఏ నాలుగైదో ఉంటుందిట. అంత సన్నని దారిలో సిరా కదలకుండా నిలిస్తే గడ్డకట్టదూ? పూడిక తీయడానికి క్లీనింగ్ అని ఒక ఏర్పాటుంది. అది ఆ రంధ్రాల్లోంచి సిరా బలంగా లాగి, లోపల అడుగున ఉన్న మెత్తలాంటి దానిమీదికి వదిలేస్తుంది. ఒకసారి చేస్తే లాభం లేకపోయింది. రెండోసారీ చేశాం, మూడోసారీ చేశాం. కిటికీలోంచి నేను చూస్తూండగానే నా ప్రాణంలా దాచుకున్న రంగుసిరా దిగిపోయింది. ఆ మెత్త తాగింది. ఆ సిరాతో ఎన్ని హాల్‌టికెట్లు వచ్చేవో లెక్కవేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

అత్తయ్యగారు అంతా విని, "పెట్టెలో దాచిన పట్టుచీర మడతల దగ్గరే చిరుగుతుందమ్మాయ్" అన్నారు. అంతకుమించి ఒక్కమాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఆలోచిస్తే, దుబారా ఎప్పుడూ దొంగలా దొరికిపోతుంది. ఫాను తిరుగుతూ ఉంటే, కుళాయి కారుతూ ఉంటే ఇంటిల్లిపాదినీ కేకలేస్తాం. లోభం అలా దొరకదు. పొదుపు చీర కట్టుకుని మన వంటింట్లోనే తిరుగుతూ ఉంటుంది. రెంటికీ తేడా ఎలా పట్టుకోవడం? నాకు తోచిన ఉపాయం ఒకటే. దేనికోసం దాస్తున్నావని అడిగితే పొదుపు దగ్గర జవాబుంటుంది. పిల్లల ఫీజులనో, పెద్దవాళ్ళ మందులనో చెబుతుంది. ఆనాడు నన్ను అడిగుంటే నా దగ్గర ఏ జవాబూ లేదు. దాచడం కోసమే దాచాను.

అలాగని అడిగినవాళ్ళందరికీ తీసిచ్చెయ్యమంటావా అంటారేమో. ఎదురింటావిడ వంద శుభలేఖలు రంగుల్లో తీసిపెట్టమంటే, "మావల్ల కాదు వదినా" అనడంలో తప్పేమీ లేదు. నెలజీతంతో ఇల్లు నడిపే మనకి చెయ్యి ముడవడమూ తెలియాలి. కానీ కాదన్నప్పుడు కాదనే చెప్పాలి. ఉన్నదాన్ని లేదని చెప్పి కాదు.

ఇప్పుడు మా ఇంట్లో శాసనం మారింది. పిల్లల నోట్సులు డ్రాఫ్ట్‌లోనే తీస్తాం. సిరా తక్కువ పడుతుంది, చదువుకోవడానికి ఏ లోటూ ఉండదు. తీసేముందు ప్రివ్యూ చూస్తాం. లేకపోతే ఆఖరి కాగితం మీద ఒక్క గీత కోసం ఒక పేజీ దండగ. రెండువైపులా అచ్చు వేస్తాం. పాడైన కాగితాల వెనకవైపు నా పచారీ చిట్టాలకి పనికొస్తుంది. ఫొటోలు మాత్రం స్టూడియోకే. ఆ నున్నటి కాగితం, ఆ సిరా కలిపితే ఇంట్లో గిట్టుబాటు కాదు. ఆపేటప్పుడు గోడమీద స్విచ్చి కాకుండా యంత్రం మీట నొక్కే ఆపుతాం. అలా అయితేనే అది ముక్కుకి మూత పెట్టుకుని పడుకుంటుంది. ఇక వారానికొకసారి, అవసరమున్నా లేకపోయినా, అన్ని రంగులూ ఉన్న పేజీ ఒకటి తీస్తాం. తీయకపోతే మళ్ళీ పూడిక!

ఎటూ తీయక తప్పని ఆ వారపు పేజీ ఎవరికైనా పనికొచ్చేదైతే బాగుండును గదా అనిపించింది. కింది వాటా పాపకి ఒకవారం జంతువుల బొమ్మలు, ఇంకోవారం పనావిడ చిన్నకొడుక్కి భారతదేశం పటం. ఎండిపోయేదాన్ని ఇచ్చి దానం అనుకోవడం ఏం గొప్పని నా మనసే నన్ను దెప్పుతోంది. నిజమే, గొప్పేం లేదు.

పోయినవారం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. సీటు వచ్చిందట, కాలేజీ కాగితాలు తీయాలట. ఆరు పేజీలూ తీసి చేతికిచ్చాను. ఇవ్వడం సులువుగానే ఉంది. తర్వాత మాటే గొంతులో అడ్డం పడింది. ఎలాగో అనేశాను.

"ఆ రోజు ఇంకు ఉందే తల్లీ. లేదని అబద్ధం చెప్పాను."

ఆ పిల్ల కాగితాలు సర్దుకుంటూ, "తెలుసాంటీ. మీరు పైన గుడ్డ కప్పారు గానీ కింద కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది" అంది. గొంతులో కోపం లేదు.

అన్నీ తెలిసీ మళ్ళీ నా గుమ్మం ఎక్కి అడిగిందంటే, పెద్దమనసు ఎవరిదో మీరే చెప్పండి. దుమ్ము పడకూడదు గనక గుడ్డ ఇప్పటికీ కప్పుతున్నాను. ముందువైపు మాత్రం పైకి మడిచి ఉంచుతున్నాను.