కంపైలర్ మీద నమ్మకానికి ప్రమాణం ఏది?

ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునే విద్యార్థి ఉబుంటు కంప్యూటర్‌లో బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే జీసీసీ కంపైలర్, సి లైబ్రరీ హెడర్ ఫైళ్లు, మేక్ అన్నీ ఒకేసారి వస్తాయి. చిన్న ప్రోగ్రాం ఒకటి కంపైలై తెర మీద అక్షరాలు కనబడగానే అంతా సరిగ్గా ఉందన్న నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకానికి ప్రమాణం ఏమిటన్నది భారతీయ తర్కం శతాబ్దాలుగా చర్చించిన ప్రశ్నే.

మొదటి ఆధారం ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవారి మాట. ప్యాకేజీల జాబితా మీద ఉబుంటు డిజిటల్ సంతకం ఉంటుంది. ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ ప్రోగ్రాం దాన్ని సరిచూస్తుంది. మాట ఎవరిదో, దారిలో మారిందో లేదో సంతకం తేలుస్తుంది. ఆ మాట నిజమో కాదో తేల్చదు.

కంపైలర్ కూడా ప్రోగ్రామే. దాన్ని యంత్రభాషలోకి మార్చింది అంతకుముందున్న మరో కంపైలర్. యంత్రరూపంలో దాగిన మోసం, మూలపాఠంలో ఆనవాలే లేకుండా, తరవాత పుట్టే ప్రతి కంపైలర్‌లోకీ పాకగలదని కెన్ థాంప్సన్ 1984లో ప్రచురించిన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో చూపించారు. ఒక నమ్మకానికి ఇంకొకటి, దానికి మరొకటి ఆధారమవుతూ పోతే అది అనవస్థాదోషం.

ఈ గొలుసు ఎక్కడ ఆగాలి? జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధమనీ, అది తప్పని చూపే బాధక జ్ఞానం ఎదురయ్యేదాకా దాన్ని శంకించనక్కర్లేదనీ మీమాంసకుడు కుమారిల భట్టు మతం. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోరు. నీరనుకుని వెళ్లినవాడికి నీరు దొరికినప్పుడే ఆ జ్ఞానం సరైనదని తెలుస్తుందంటారు. తర్కం మొదలుపెట్టేవారికోసం తర్కసంగ్రహం రాసిన ఆంధ్రుడు అన్నంభట్టు, దానికి తానే రాసిన దీపికలో ఈ వాదాన్ని చర్చించి న్యాయపక్షాన నిలిచాడు.

విద్యార్థి మొదటి ప్రోగ్రాం నైయాయికుల పరీక్షే. కానీ దాని ఫలం చిన్నది. తప్పు లేకుండా కంపైలైన ప్రోగ్రాం భాషా నియమాలకు లోబడిందని మాత్రమే తెలుస్తుంది. రాసినవారి ఆలోచన సరైనదని కాదు. ఉదాహరణకు, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి 1993 సెప్టెంబర్ 20న ఎగిరిన మొదటి పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలేకపోయింది. నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉందని విచారణలో తేలింది. దాన్ని సరిదిద్దాక 1994 అక్టోబర్ 15న రెండోది విజయవంతమైంది. బాధక జ్ఞానాన్ని దాచకుండా వెతికి పట్టుకోవడమే ఆ విజయానికి మూలం.

అనవస్థకు బీజాంకుర న్యాయం సమాధానంగా చెబుతారు: విత్తనానికీ మొలకకూ ఆది లేకపోవడం దోషం కాదు. కంపైలర్లకు ఆ న్యాయం వర్తించదు. వాటి పరంపరకు ఆది ఉంది. మొదటివాటిని మనుషులు చేత్తో రాశారు. కాబట్టి వెనక్కి నడవడం సాధ్యమే. గీక్స్ (Guix) అనే ప్యాకేజీ వ్యవస్థ ప్రాజెక్టు 2023లో 357 బైట్ల విత్తుతో మొదలుపెట్టి అంచెలంచెలుగా జీసీసీ దాకా కట్టుకొచ్చింది. అంత చిన్నదాన్ని మనిషి బైటు బైటూ చదివి సరిచూడగలడు. ఒకే మూలపాఠాన్ని వేరే కంపైలర్‌తోనూ నిర్మించి ఫలితాలను పోల్చే పద్ధతిని డేవిడ్ వీలర్ 2005లో వివరించారు. అది స్వతంత్ర సాక్షిని పిలవడమే.

ఇంత చేసినా ప్రాసెసర్ మీద నమ్మకం మిగిలే ఉంటుంది; సంపూర్ణ నిశ్చయం దొరకదు. అయినా పని ఆగనక్కర్లేదు. ఆరంభకుడు కుమారిలుడిలా నమ్మి మొదలుపెట్టి, నైయాయికుడిలా పరీక్షిస్తూ సాగాలి: సంతకమున్న చోటు నుంచే ప్యాకేజీ తీసుకోవాలి, కంపైలర్ హెచ్చరికలన్నీ చదవాలి, అదే ప్రోగ్రాంను క్లాంగ్ అనే మరో కంపైలర్‌తోనూ కంపైల్ చేసి చూడాలి. తప్పని తేలే దారి తెరిచి ఉంచిన నమ్మకమే వివేకమున్న శ్రద్ధ. ఆ దారి మూసేస్తే మిగిలేది మూఢనమ్మకం.