దమ్ము బిగపట్టకు బిడ్డా

బిడ్డా, విశాఖ రుషికొండకు పోయి స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నవని మీ నాయిన చెప్పిండు. సంబురమైంది. నేవీల డైవర్‌గ చేసి ఝరాసంగం చేరిన తాతను, నాలుగు మాటలు చెప్తా, యాది పెట్టుకో.

నువ్వు ఈత నేర్చింది బాయిల. అడుగుదాంక మునిగి పిడికెడు మట్టి తెచ్చినోడే అక్కడ మొనగాడు, ఎంతసేపు దమ్ము బిగపడితే అంత గొప్ప. ఆ అలవాటు సముద్రంల పానం తీస్తది. బాయిల మునిగితే పైన పీల్చిన గాలి లోపల నలిగి, పైకొచ్చేటాలకు మళ్ల మొదటంతే అయితది. సిలిండర్ కథ వేరు. 10 మీటర్ల లోతుల ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. అక్కడ నిండుగ పీల్చి బిగపట్టినవనుకో, పైకొచ్చేటాలకు ఆ గాలి రెండింతలు ఉబ్బుతది, ఊపిరితిత్తులు చినుగుతయ్. ఎంత భయమైనా సరే, పీలుస్తనే ఉండు, వదులుతనే ఉండు. పైకి నిమ్మళంగ రా, నిమిషానికి 9 మీటర్లు దాటొద్దు. 5 మీటర్ల కాడ 3 నిమిషాలు ఆగు.

చెవుల సంగతి దిగుడు మొదలువెట్టంగనే చూడు. ముక్కు మూసి మెల్లగ ఊదు. నొప్పి వచ్చిందంటే ఇంక దిగకు, కొంచెం పైకొచ్చి మళ్ల ఊదు. జలుబుంటే ఆ రోజు దిగనే దిగకు. పైసలు కట్టిన కదా అని మొండికి పోకు. ఆస్తమా ఉంటే ఫారంల దాచకు, డాక్టరుకు చూపించుకో.

లోపల ఎట్లున్నవని అడిగితే బొటనవేలు ఎత్తకు, అది పైకి పోదామన్న సైగ. మంచిగున్నననాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్న చుట్టు. సిలిండర్ల గాలెంతున్నదో చూపే గేజ్ ఎప్పటికప్పుడు నువ్వే చూసుకో. జతగాణ్ణి ఇడిశి పోకు. డైవింగ్ నేర్చినవని మొదటి కార్డు వచ్చినంక గూడ 18 మీటర్లే నీ హద్దు. ఎవడన్న ఇంకింత దిగుదామంటే రానని చెప్పు, సిగ్గుపడకు.

విశాఖ పోయినోళ్లు అరకు చూడకుంట రారు. నువ్వు ముందుగాల అరకు చూసి, తర్వాత నీళ్లల్ల దిగు. లోతుల ఒంట్లకెక్కిన నైట్రోజన్ మెల్లమెల్లగ బయటికి పోవాలె. డైవింగ్ కాంగనే 900 మీటర్ల పైచిలుకున్న అరకు గుట్టలెక్కితే అది బుడగలై కీళ్లు పట్టేస్తది. విమానమెక్కాలన్నా 18 గంటలు ఆగాలె. మన జహీరాబాద్ గడ్డ గూడ 600 మీటర్ల ఎత్తుల ఉన్నది. ఝరాసంగం గుడి శివరాత్రి జాతర అందుకోవాలెనని ఆగమాగం బయలెల్లకు. ఒక రోజు ఆలస్యమైతే కేతకీ సంగమేశ్వరుడేం అనుకోడు.