పట్టమును పాటవమును

కళకు పరీక్ష యేల, పట్టమేల యని కొందరు మమ్మడుగుచుందురు. పరీక్ష మనకు క్రొత్తది కాదు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున గణదాసహరదత్తులను నాట్యాచార్యులిద్దరు ఎవరధికులని వివాదపడగా, శిష్యుల ప్రయోగమును చూచి నిర్ణయించుటకు పండిత కౌశికిని తీర్పరిగా నిలిపిరి. అచట సాక్ష్యము నాట్యము; తీర్పరి కళ నెరిగిన స్త్రీ.

1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి యధ్యక్షులైరి. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, దాసుగారు వారిని ఆచార్యునిగనే నియమించిరని ప్రసిద్ధి. 1936లో నాయుడుగారే యా కళాశాల కధ్యక్షులైరి. ఆనాడు చెవికి బదులు కాగితము తీర్పు చెప్పియుండినచో ఏమయ్యెడిదో పాఠకులే యూహింతురుగాక.

అట్లని పట్టమును నిందింప మేమొప్పుకొనము. కూచిపూడి మేళములలో స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరించిరి. ఆ విద్య కొన్ని కుటుంబముల సొత్తై యుండెను. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు మొదలగు గురువులు స్త్రీలకు నేర్పి యా కట్టుబాటును సడలించిరి. కాని గురువు దయ వేరు, శిష్యురాలి హక్కు వేరు. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయమునందును, హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును నాట్యమున స్నాతకోత్తర విద్య ఏర్పడుటచే, అర్హత గల యే యింటి బిడ్డయైనను నిలిచి యడుగగల చోటొకటి కలిగినది. గురువు గోత్రమడుగవచ్చును, విశ్వవిద్యాలయ మడుగరాదు.

అయితే ఒకరికి తెరచిన వాకిలి వేరొకరికి గోడ కారాదు. చిందు యక్షగానమును, ఒగ్గుకథను తాతతండ్రుల వలన నేర్చినవానికి పట్టమెక్కడిది? 2022లో యు.జి.సి. వారు 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అను పదవి నేర్పరచి, పదునైదేండ్ల యనుభవము గల నిపుణులు పట్టము లేకున్నను బోధింపవచ్చుననిరి. మేలే. కాని యా పదవి నాలుగేండ్లకు మించదు. విద్య తరతరములది, పీట నాలుగేండ్లది!

దోషము ప్రభుత్వముదే యనరాదు. పిల్లకు సంగీతము చెప్పుటకు ఉపాధ్యాయురాలు వచ్చినప్పుడు "ఏమి ప్యాసైతిరి?" అని యడుగుదుము గాని, "ఒక కీర్తన పాడుడమ్మా" యని యడుగము. కాగితము చదువుట సులభము. వినుటకు శ్రద్ధ కావలెను. పట్టము సాక్షియే కాని తీర్పరి కాదు. మేమును జవాబుపత్రములు దిద్ది మార్కులు వేయువారమే; ఆ యంకెలెంత చెప్పగలవో, ఎంత చెప్పలేవో యెరిగియే యీ మాట వ్రాయుచున్నాము.